పది పాసయ్యాం.. మరి ఇప్పుడెటు?

ఎండాకాలం వచ్చిందంటే అంబాజీపేట చుట్టుపక్కల ఏ అరుగు మీద చూసినా ఒకటే మాట. "మనోడికి ఎన్నొచ్చాయండీ? ఎందులో చేరుస్తున్నారు?" మొదటిదానికి మెమో చూసి చెప్పేయొచ్చు. రెండోదానికే చాలా ఇళ్ళల్లో జవాబుండదు. పక్కింటోళ్ళ పిల్లాడు అమలాపురంలో ఏ కాలేజీకెళ్తే మనోడూ అక్కడికే. ఆ కాలేజీ మంచిదే అవ్వొచ్చు. కానీ ఎన్ని దారులున్నాయో తెలిసి ఎంచుకుంటే ధైర్యంగా ఉంటుంది. తెలీకుండా ఎళ్ళి పడితే రెండేళ్ళయ్యాక ఏడుపే.

అందరికీ తెలిసింది ఇంటర్. రెండేళ్ళు. ఎంపీసీ, బైపీసీ అయితే తర్వాత ఈఏపీసెట్ రాసి ఇంజినీరింగు, వ్యవసాయం లాంటి వాటికి ఎళ్ళొచ్చు. సీఈసీ, హెచ్ఈసీ తక్కువేం కాదు. డిగ్రీ, లా, టీచరు ఉద్యోగం, గ్రూప్స్ అన్నిటికీ అటు నుంచి దారుంది.

రెండోది పాలిటెక్నిక్. మూడేళ్ళ డిప్లొమా. దీనికి పాలీసెట్ రాయాలి. 120 మార్కులు: లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30. అంతా పదో తరగతి సిలబస్సే, తప్పు రాసినా మార్కులు కోయరు. ఇక్కడే మనోళ్ళు దెబ్బతింటున్నారు. పది రిజల్ట్స్ వచ్చాక చూద్దాంలే అని కూర్చుంటే దరఖాస్తు గడువు దాటిపోతుంది. పరీక్ష రాసినోళ్ళు రిజల్ట్స్ కోసం ఆగకుండానే పెట్టుకోవచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్‌లో నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు.

మూడోది ట్రిపుల్ ఐటీ. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం. రెండేళ్ళ పీయూసీ, నాలుగేళ్ళ బీటెక్ కలిపి ఆరేళ్ళు, అక్కడే ఉండి చదవాలి. ప్రవేశ పరీక్ష లేదు, పది మార్కులే చూస్తారు. సర్కారు బళ్ళో చదివినోళ్ళకి కొంత వెసులుబాటు కూడా ఇస్తారు.

నాలుగోది ఐటీఐ. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్ళు, వెల్డర్ ఒక ఏడాది. "ఐటీఐయా?" అని మూతి తిప్పేవాళ్ళుంటారు. కరెంటు మోటారు కాలిపోయినప్పుడు వాళ్ళు కూడా ఎలక్ట్రీషియన్‌కే ఫోన్ చెయ్యాలి కదా.

ఇంకో దారి మన ఊళ్ళోనే కనిపిస్తుంది. కొబ్బరి మార్కెట్‌తో పాటు కొబ్బరి మీద పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానం కూడా అంబాజీపేటలోనే ఉంది. తెల్లదోమ మన చెట్లని పట్టి పీడించినప్పుడు, దాన్ని చంపే మేలు శిలీంధ్రాన్ని పెంచి రైతులకిచ్చింది ఇక్కడివాళ్ళే. ఆ కేంద్రం వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం కిందది. ఆ విశ్వవిద్యాలయం పది పాసైనోళ్ళకి రెండేళ్ళ ఉద్యాన డిప్లొమా చెప్తుంది. దింపు, ఒలుపు పనుల మధ్య పెరిగిన పిల్లలకి తెలిసింది చిన్న విషయమేం కాదు. దానికి చదువు తోడైతే తోట మీద చెప్పే మాటకి విలువొస్తుంది.

ఇక గల్ఫ్ సంగతి. మన దగ్గర కువైట్‌కో దుబాయ్‌కో ఎళ్ళినోళ్ళు లేని వీధి తక్కువ. పది పాసైతే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర పడదు. ఆ ముద్ర ఉంటే కువైట్, సౌదీ, ఖతర్, ఒమన్, యూఏఈ లాంటి 18 దేశాలకి పనికెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ముద్ర లేదు కదా అని ఏజెంటు చెప్పిందల్లా నమ్మకండి. ఆ ఏజెంటు ప్రభుత్వం దగ్గర నమోదయ్యాడో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. విజిట్ వీసా మీద పనికి పంపుతానంటే ఒప్పుకోకండి. ఒక పని నేర్చుకుని ఎళ్ళినోడి జీతం వేరు, ఉత్త చేతులతో ఎళ్ళినోడి జీతం వేరు.

తప్పినోళ్ళ మాటేంటి? 2025 ఏప్రిల్ 23న వచ్చిన రిజల్ట్స్‌లో 81.14 శాతం పాసయ్యారు. అంటే దాదాపు అయిదుగురిలో ఒకరు ఆగారు. వాళ్ళకి ఆ మే నెలలోనే సప్లిమెంటరీ పెట్టారు. తప్పిన సబ్జెక్టు మాత్రం రాస్తే చాలు, 35 మార్కులొస్తే గట్టెక్కినట్టే. నెల రోజుల్లో సరిదిద్దుకోగలిగే దానికి ప్రాణం మీదకి తెచ్చుకోవద్దు తమ్ముడూ. అమ్మానాన్నలూ, ఆ నెల రోజులు పిల్లల్ని పక్కింటోళ్ళతో పోల్చకండి.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. "పది చాలు, సంబంధాలు చూద్దాం" అనే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళు నిండకుండా పెళ్ళి చేస్తే నేరం. చెల్లీ, ఇంట్లో ఒప్పుకోకపోతే మీ టీచరమ్మతో మాట్లాడించు. 1098కి ఫోన్ చేసినా సాయం అందుతుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది చాలా చిన్న పని. మెమో, టీసీ, స్టడీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఒక ఫైల్లో పెట్టుకోండి. ఆధార్‌లో, మెమోలో పేరు ఒకేలా ఉందో లేదో చూడండి. తేడా ఉంటే ఇప్పుడే సచివాలయానికి ఎళ్ళి అడగండి. మీరు చేరాలనుకున్న దానికి ఆఖరి తేదీ ఎప్పుడో గోడ మీద రాసుకోండి. ముందేముందో అన్న భయం అందరికీ ఉంటుంది. తేదీ తెలిసి, కాగితం చేతిలో ఉన్నప్పుడు ఆ భయం సగం తగ్గుతుంది.