ఆపరేషన్ తర్వాత దగ్గడం నేర్పాలి

మన సొసైటీ వైద్యసాయం చాలాసార్లు ఆసుపత్రి బిల్లుతోనే ఆగిపోతుంది. తెల్లాపూర్ పాత ఊళ్ళో కడుపు ఆపరేషన్ అయిన ఒక పెద్దాయనను చూడబోయినప్పుడు అది చాలదని మాకు తెలిసింది. కుట్లు విడిపోతాయన్న భయంతో ఆయన దగ్గు వచ్చినప్పుడల్లా బిగబట్టుకున్నారు. వారం తిరక్కుండా నిమోనియాతో మళ్ళీ ఆసుపత్రిలో చేరారు. ఎలా దగ్గాలో ఇంట్లో ఎవరికీ తెలియదు.

మత్తు వల్ల, నొప్పి వల్ల ఊపిరి పైపైనే ఆడుతుంది. ఊపిరితిత్తుల అడుగున గాలి గదులు ముడుచుకుని కఫం నిలిచిపోతుంది. దాన్ని పైకి తెచ్చేది దగ్గే.

రోగిని కూర్చోబెట్టాలి. దిండును కుట్ల మీద ఆనించి రెండు చేతులతో అదిమి పట్టుకోమనాలి. నిదానంగా మూడు నాలుగు దీర్ఘశ్వాసలు తీయించి, చివరిదాన్ని క్షణం నిలిపి, గట్టిగా రెండుసార్లు దగ్గించాలి. నొప్పి మాత్ర పనిచేస్తున్న వేళలో అయితే సులువు. అది కూడా కష్టమైతే, అద్దం మీద ఆవిరి పట్టించేటట్టు నోరు తెరిచి 'హా' అని ఊదమనాలి.

ఇక ఆక్యుప్రెషర్. ఆ మాట వింటే మనకు చెక్క రోలర్లు, ముళ్ళ చెప్పులు గుర్తొస్తాయి. ఇక్కడ కావలసింది వేలు మాత్రమే. మణికట్టు లోపలి గీతకు మూడు వేళ్ళ పైన, రెండు స్నాయువుల మధ్య ఒక బిందువు ఉంది. 2015లో కొక్రేన్ సమీక్ష 59 పరిశోధనలను కలిపి చూసి, దీన్ని ప్రేరేపిస్తే ఆపరేషన్ తర్వాతి వికారం, వాంతులు తగ్గుతాయని చెప్పింది. వికారం తగ్గితే రోగి లేచి కూర్చుంటాడు, కూర్చుంటే దగ్గుకు బలం వస్తుంది.

దగ్గు కోసం చెప్పే బిందువు గొంతు కింద, రెండు మెడ ఎముకల నడుమ గుంటలో ఉంది. దాని వెనకే శ్వాసనాళం ఉంది కాబట్టి వేలి కొనతో మెల్లగా కిందికి నొక్కితే దగ్గు రేగవచ్చు. దీనికి మణికట్టు బిందువుకున్నంత రుజువు లేదు. ఊపిరి పీల్చి సిద్ధమయ్యాక ఒక్క క్షణం చాలు. మెడ పక్కలు మాత్రం ముట్టుకోకూడదు. గొంతు, గుండె ఆపరేషన్ల వారికి సర్జన్‌ను అడగకుండా చేయరాదు. కంటి, మెదడు ఆపరేషన్ల వారు దగ్గవచ్చో లేదో కూడా డాక్టరే చెప్పాలి. జ్వరం, ఆయాసం, కఫంలో రక్తం కనిపిస్తే ఇవన్నీ పక్కనపెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఊపిరి సాధనకు వాడే మూడు బంతుల పరికరం కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఆపరేషన్ సాయం ఇచ్చే ప్రతి ఇంటికీ దాన్నీ, ఒక గట్టి దిండునూ చేర్చి, రోగి దగ్గరుండే కోడలికో కొడుకుకో ఒక గంట కూర్చుని ఇదంతా చూపించే మనిషిని కూడా పంపమని మా అభ్యర్థన.