బిళ్ళ మీద పండుగ

తపాలా బిళ్ళలు పోగుచేసే పిచ్చి నాకు చిన్ననాటినుంచీ ఉన్నది. 2002లో, నేను కాలేజీలో చదువుకుంటున్న రోజుల్లో, సరిగా రంజాన్ నెలలో, అమెరికానుంచి మా మేనమామ ఉత్తరంలో పెట్టి కొత్త బిళ్ళ ఒకటి పంపించాడు. నీలి రంగు మీద బంగారు తీగ మెలితిప్పినట్లు అరబ్బీ అక్షరాలు. వెల 37 సెంట్లు.

చదివించుకుందామని మా వీధిలోని ఉర్దూ మాస్టారి దగ్గరకు వెళ్ళాను. ఆయన కళ్ళజోడు సవరించుకొని చాలాసేపు చూశారు.

"ఏమని ఉందండీ మాస్టారూ?"

"ఈద్ ముబారక్ అని, నాయనా. రాసినవాడెవరో చెయ్యి తిరిగినవాడు. ఇది సర్కారువారి బిళ్ళేనా?"

"అమెరికా సర్కారువారిదేనండీ."

ఆయన మళ్ళీ చూశారు. తిరిగి ఇవ్వడానికి మనసొప్పలేదు. ఇంత కాగితం ముక్కకు అంత మురిపెమేమిటా అనుకున్నాను.

ఆ బిళ్ళ కథ నాకు తరువాత తెలిసింది. రాసినవాడు మహమ్మద్ జకరియా. అమెరికాలోనే పుట్టి, ఇస్లాం స్వీకరించిన లేఖన కళాకారుడు. కాగితానికి గంజి పట్టించి, పటిక, కోడిగుడ్డు తెల్లసొన పూత మూడుసార్లు పూసి, రాతితో మెరుగుపెట్టి, ఏడాదికి పైగా మాగబెట్టి, అప్పుడు రెల్లుకలంతో రాశాడట! క్రిస్మస్‌కు 1962లోనే బిళ్ళ వచ్చింది. యూదుల హనుక్కాకు 1996లో వచ్చింది. మరి మా పండుగకేదీ అని ముస్లిం పిల్లలు తపాలాశాఖకు ఉత్తరాలు రాశారు.

2001 సెప్టెంబరు 1న వారి కోరిక తీరింది. పది రోజులు తిరిగేసరికి న్యూయార్కులో జంట భవనాలు కూలాయి. ఈ బిళ్ళను రద్దు చెయ్యండని కొందరు కేకలు వేశారు. మరుసటి జూన్ 30న ఉత్తరం ఖర్చు 34 సెంట్లనుంచి 37కు పెరిగింది. చడీచప్పుడు లేకుండా బిళ్ళను వదిలించుకోవడానికి అంతకంటె మంచి సాకు దొరుకుతుందా? కాని తపాలాశాఖ ఆ పని చెయ్యలేదు. అక్టోబరులో అదే బిళ్ళను కొత్త వెలతో మళ్ళీ విడుదల చేసింది. మామయ్య పంపింది అదే.

బిళ్ళ ఎవరి కడుపూ నింపదు, నిజమే. ద్వేషించేవాడి నోరూ మూయించదు. ఐనా వేడుకనాడు వేసిన పీటకంటె, కానికాలంలో లాగివేయని పీటకే విలువ ఎక్కువ గదా!

2016 అక్టోబరు 5న అదే శాఖ దీపావళికి బిళ్ళ వేసింది. బంగారు వన్నె మీద వెలుగుతున్న ప్రమిద. దానికోసం అక్కడి మనవాళ్ళు ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టుకున్నారు. పత్రికలో ఆ బొమ్మ చూసి, కళ్ళజోడు సవరించుకొని, ఎంతసేపు అలాగే ఉండిపోయానో!

"ఇంత కాగితం ముక్కకు అంత సంబరమా?" అని మా ఆవిడ నవ్వింది.

మాస్టారు గుర్తుకువచ్చారు. ఆనాడు ఆయన చేతిలోనుంచి తీసుకువచ్చిన బిళ్ళ ఇంకా నా పుస్తకంలోనే ఉన్నది. ఇచ్చి రావలసింది. ఇప్పుడు ఇద్దామంటే ఆయన లేరు.