ఇనుము ఇక్కడిదే, వినిచూసే గదే లేదు
బచేలి టౌన్‌షిప్‌లో మంచి స్పీకర్ల జత కొనాలంటే అంగడి కన్నా ముందు ఇంటి గదిని, తర్వాత సొంత చెవిని పరీక్షించుకోవాలి

విశాఖపట్నంలో బయల్దేరిన కిరండూల్ రైలు అరకు సొరంగాలు దాటి, కొరాపుట్, జగ్‌దల్‌పూర్, దంతెవాడ మీదుగా సాగి, ఆఖరి స్టేషన్‌కు ముందు బచేలిలో ఆగుతుంది. ఎదురుగా ఎద్దు మూపురంలా లేచిన కొండలు. బైలాడిల్లా అనే మాటకు అర్థం కూడా అదే. కొండ మీది నుంచి దిగిన ఖనిజం ఇక్కడ గూడ్సు ఎక్కి సముద్రం వైపు పోతుంది. 1960లలో ఈ లైను వేసిందే జపాన్‌కు ఆ ఖనిజాన్ని చేరవేయడానికి. ఎన్ఎండీసీ 1968లో కిరండూల్‌లో, 1977లో బచేలిలో తవ్వకాలు మొదలుపెట్టింది. సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో, ఎగుమతి రేవు విశాఖలో. కాబట్టి ఇక్కడి క్వార్టర్లలో తెలుగు పాట వినబడటం వింతేమీ కాదు.

వింతేమిటంటే, ఆ పాట వినిపించే స్పీకర్ కూడా చాలావరకు ఇనుమే. సాధారణ స్పీకర్ వెనక నల్లటి చక్రంలా ఉండేది ఫెర్రైట్ అయస్కాంతం. నెదర్లాండ్స్‌కు చెందిన ఫిలిప్స్ పరిశోధకులు 1950ల ఆరంభంలో రూపొందించిన ఈ రకం అయస్కాంతం బరువులో అధిక భాగం ఐరన్ ఆక్సైడే. బైలాడిల్లా హెమటైట్ కూడా ఐరన్ ఆక్సైడే. ముడిసరుకు ఇంటి ముందే ఉన్నా, రెండు జతల స్పీకర్లను పక్కపక్కన పెట్టి వినిచూసే సౌకర్యం కావాలంటే మాత్రం రాయ్‌పూర్‌కో విశాఖకో రైలో బస్సో ఎక్కాలి. ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే పెట్టె గుమ్మం దాకా వస్తుంది, నిజమే. కానీ నచ్చకపోతే పది పన్నెండు కిలోల సరుకును మళ్లీ ప్యాక్ చేసి తిప్పి పంపడం ఎంత ప్రయాసో ఒకసారి పంపినవారికి తెలుస్తుంది. అందుకే ఇలాంటి ఊళ్లో ఎంపిక ఒకే దెబ్బకు సరిగా జరగాలి.

పేరులోనే ఓ తిరకాసు ఉంది. ‘బుక్‌షెల్ఫ్ స్పీకర్’ అన్నంత మాత్రాన దాన్ని పుస్తకాల అరలోనే ఇరికించాలని కాదు. 1954కు ముందు లోతైన మంద్రస్వరం కావాలంటే బీరువా అంత పెట్టె ఉండాల్సిందే. ఆ ఏడాది అమెరికాలో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ స్థాపించిన అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ ఆ లెక్కను తిరగరాసింది. పెట్టెను గాలి చొరకుండా మూసేసి, లోపలి గాలినే స్ప్రింగులా వాడుకోవడం విల్చర్ ఆలోచన. దాంతో అరలో పట్టే పెట్టెలోంచి కూడా బేస్ పలికింది. 1970లలో బీబీసీ ఇంజనీర్లు తమ ప్రసార వ్యాన్లలో పెట్టుకోవడానికి ఎల్ఎస్ 3/5ఏ అనే మరింత చిన్న స్పీకర్ తయారుచేశారు. ఎత్తు 30 సెంటీమీటర్లు, వెడల్పు 19. లోతైన బేస్ దాని వల్ల కాదు. గట్టిగా మోగమన్నా మోగదు. అయినా యాభై ఏళ్ల తర్వాత కూడా దాని నమూనాలు అమ్ముడుపోతున్నాయంటే కారణం ఒక్కటే. అందులో మనిషి గొంతు మనిషి గొంతులా వినిపిస్తుంది.

చిన్న స్పీకర్ నుంచి ఆశించాల్సింది అదే. కానీ మన మార్కెట్ చాలాకాలం వాట్ల మీదే నడిచింది. 2000ల మొదట్లో మ్యూజిక్ సిస్టమ్‌ల మీద ‘పీఎంపీఓ’ అంటూ వేల వాట్ల అంకెలు మెరిసేవి. క్షణంలో వెయ్యో వంతు కూడా నిలవని, ఏ ప్రమాణానికీ కట్టుబడని అంకెలవి. ఇంట్లో వినేటప్పుడు అసలెన్ని వాట్లు ఖర్చవుతాయి? స్పీకర్ సామర్థ్యాన్ని తెలిపే ‘సెన్సిటివిటీ’ 86 డెసిబెల్స్ అని రాసి ఉందనుకుందాం. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో అంత శబ్దం వస్తుందని దానర్థం. రెండు స్పీకర్లు కలిసి చిన్న గదిలో రెండు మీటర్ల దూరాన కూర్చున్నవారికి అదే ఒక్క వాటుతో 80కి పైగానే వినిపిస్తాయి. ఇంట్లో హాయిగా వినే స్థాయి 70-75. దానికి వాటులో పదో వంతో, అయిదో వంతో చాలు. మృదంగం మీద పడే దెబ్బ లాంటి ఆకస్మిక శబ్దాలకు దానికి వందరెట్లు కావాలి. అయినా లెక్క 20 వాట్లు దాటదు. 30-50 అసలు వాట్లు నిజాయితీగా ఇచ్చే ఆంప్లిఫయర్ టౌన్‌షిప్ క్వార్టర్‌కు పుష్కలం. మూడు డెసిబెల్స్ పెంచాలంటే వాట్లు రెట్టింపు కావాలి కాబట్టి 50 వాట్లకూ 100 వాట్లకూ చెవికి తెలిసే తేడా చాలా స్వల్పం.

అసలు సంగతి గదిలో ఉంది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న గదిని తీసుకోండి. పొడవు వల్ల 47 హెర్ట్‌జ్ దగ్గర, వెడల్పు వల్ల 56 దగ్గర శబ్దం గోడల మధ్య నిలిచిపోయి ఉబ్బుతుంది. ఎత్తు కూడా పదే కనుక ఆ 56 మీదే మరో పోటు. డోలో, బేస్ గిటారో ఆ స్వరాన్ని తాకినప్పుడల్లా గది ‘గుంయ్’ మంటుంది. గోడకు ఆనుకుని కూర్చున్నవారికి అది మరీ ఎక్కువ. కుర్చీని గోడ నుంచి రెండడుగులు ముందుకు జరిపి చూస్తే తేడా వెంటనే తెలిసిపోతుంది. లక్ష రూపాయల స్పీకరైనా ఈ సూత్రానికి అతీతం కాదు. సుమారు 300 హెర్ట్‌జ్‌కు దిగువన స్పీకర్ కన్నా గది పెత్తనమే ఎక్కువని కెనడా జాతీయ పరిశోధన మండలిలో దశాబ్దాల పాటు ప్రయోగాలు చేసిన ఫ్లాయిడ్ టూల్ చెప్పారు.

మన ఇళ్లలో ఇంకో ఆటంకం గోడలోని సిమెంటు గూడు. స్పీకర్ పెట్టడానికే కట్టారా అన్నట్టుంటుంది. పెట్టె వెనక గొట్టంలాంటి రంధ్రం ఉన్న స్పీకర్‌ను అందులోకి తోస్తే బేస్ మొత్తం గూట్లోనే సుడులు తిరిగి గొంతును ముంచేస్తుంది. స్పీకర్‌ను గూట్లో పెట్టక తప్పదనుకునేవారు పూర్తిగా మూసిన పెట్టె, లేదా ముందువైపు రంధ్రం ఉన్నది ఎంచుకుని, గూటి అంచుదాకా ముందుకు జరపాలి. వీలైతే స్టాండు మీద, గోడకు అడుగు దూరంలో పెట్టడం మేలు. చిన్న ట్వీటర్ చెవి ఎత్తుకు రావాలి. కుర్చీలో కూర్చుంటే నేల నుంచి మూడడుగులు. చాప మీద కూర్చుని వినే ఇంట్లో రెండడుగులే. ఆ ఎత్తు స్టాండును వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు.

ఖాళీ గదిలో ఒక్కసారి చప్పట్లు కొడితే మిగతా కథ తెలుస్తుంది. ‘టప్పు’న ఆగకుండా ‘టర్ర్’ మని సాగితే, కాంక్రీటు గోడలు, మొజాయిక్ నేల ట్వీటర్ శబ్దాన్ని ఒకదానికొకటి విసురుకుంటున్నాయన్న మాట. దీనికి ఖరీదైన ఫోమ్ పలకలు అక్కర్లేదు. నేల మీద మందపాటి జంపఖానా, కిటికీకి మడతల కర్టెన్, పక్క గోడకు పుస్తకాల బీరువా చాలు. తీగల మీద వేలకు వేలు పోయడమూ వృథాయే. కరెంటు పనికి వాడే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఇంటికి నిక్షేపంలా సరిపోతుంది.

గది తర్వాత చెవి. గని ఊళ్లో ఈ మాట తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. డ్రిల్లులు, క్రషర్లు, డంపర్ల మధ్య ఏళ్ల తరబడి పనిచేసేవారు చెవి రక్షణ సరిగా వాడకపోతే వినికిడి నెమ్మదిగా తగ్గుతుంది. రోజుకు ఎనిమిది గంటలకు 85 డెసిబెల్స్ దాటకూడదని, ఆపై ప్రతి మూడు డెసిబెల్స్‌కు ఆ సమయం సగానికి సగం తగ్గాలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1998లో సిఫారసు చేసింది. ఇలా శబ్దం వల్ల వచ్చే చెవుడు మొదట తాకేది 4,000 హెర్ట్‌జ్ చుట్టుపక్కల. మాటలో స, త, క లాంటి హల్లులకు పదును వచ్చేది ఇంచుమించు అక్కడే. దాంతో పాట వినబడుతుంది గానీ సాహిత్యం అర్థం కాదు. ‘ఈ స్పీకర్లో మాట స్పష్టంగా లేదు’ అనిపిస్తుంది. ట్రెబుల్ పెంచుతారు, వాల్యూమ్ పెంచుతారు. పక్క గదిలో పిల్లలు చెవులు మూసుకుంటారు. ఒక స్పీకర్ మార్చి ఇంకోటి కొంటారు. నిజానికి మార్చాల్సింది స్పీకర్‌ను కాదు. గని ఉద్యోగులకు నిర్ణీత కాలంలో జరిగే వైద్యపరీక్షల కాగితాల్లో ఆడియోగ్రామ్ ఉంటే, షాపుకు వెళ్లేముందు దాన్ని ఓసారి డాక్టర్‌కు చూపించడం స్పీకర్ల కొనుగోలులో మొదటి మెట్టు.

టూల్ ప్రయోగాల్లోనూ దీనికి సంబంధించిన ఆసక్తికరమైన విషయం బయటపడింది. ఆయన స్పీకర్లను తెర వెనక పెట్టి, ఏది మోగుతోందో చెప్పకుండా శ్రోతలతో మార్కులు వేయించేవారు. బ్రాండు, ఆకారం కనిపించనప్పుడు రకరకాల నేపథ్యాలవారు దాదాపు ఒకే రకం స్పీకర్‌ను మెచ్చుకున్నారు. ఏ స్వరాన్నీ ఎక్కువ తక్కువ చేయకుండా పలికేది, ఎదురుగానే కాక పక్కలకూ అదే స్వభావంతో శబ్దాన్ని పంపేది. వినికిడి దెబ్బతిన్నవారు మాత్రం అదే స్పీకర్‌కు ఒకసారి ఒక మార్కు, మరోసారి ఇంకో మార్కు వేశారు. ముప్పై ఏళ్లు క్రషర్ దగ్గర పనిచేసిన పెద్దాయన స్పీకర్ కొనడానికి విశాఖ వెళ్తే కూతురినో మనవడినో వెంట తీసుకెళ్లడం అందుకే మంచిది. డబ్బులిచ్చేది ఆయనే అయినా ఓటు ఇద్దరిదీ కావాలి.

పెళ్లికో ఆసుపత్రి పనికో విశాఖ వెళ్లినప్పుడు షాపులో ఓ గంట కూర్చోగలిగితే, వెంట ఉండాల్సింది తెలిసిన పాటలు. షాపువాళ్లు వినిపించే పాటలో గాజు పగిలినట్టు, ఉరుము ఉరిమినట్టు శబ్దాలుంటాయి. వాటితో ఏమీ తేలదు. 1974లో కన్నుమూసిన ఘంటసాల సినిమా పాటల్లో అత్యధికం మోనో రికార్డింగులు. పరీక్షకు అవే గొప్ప సాధనం. రెండు స్పీకర్ల నుంచీ ఒకటే శబ్దం వస్తుంది కనుక గొంతు సరిగ్గా మధ్యన, ఎవరో ఎదురుగా కూర్చుని పాడినట్టు ఒక్కచోట నిలబడాలి. చెల్లాచెదురుగా వినిపిస్తే జతలో ఒకటి తేడాగా ఉందనో, తీగల ప్లస్సు మైనస్సులు తారుమారయ్యాయనో అర్థం. వెంట తెచ్చుకున్న కాపీ మాత్రం మంచిదై ఉండాలి. నాలుగు ఫోన్లు మారి నలిగిన పాటను మంచి స్పీకర్ దాచిపెట్టదు, ఎండగడుతుంది.

రెండో పరీక్ష మృదంగం. కుడి మూత మధ్య నల్లటి పూత వల్లే ఆ వాద్యానికి శ్రుతి కుదురుతుందని విశాఖలో బాల్యం గడిపిన సీవీ రామన్ 1920లో ‘నేచర్’ పత్రికలో వివరించారు. ఆ పూతకు వాడే రాతిపొడిలో కూడా ఇనుము ఉంటుందన్నది బచేలివాసులకు నచ్చే సంగతి. కుడి వైపు దెబ్బలో శ్రుతి, ఎడమ వైపు దెబ్బలో గుంభనం రెండూ విడివిడిగా తెలియాలి. రెండూ కలిసి ‘దబ్బు దబ్బు’ మంటే ఆ స్పీకర్‌ను వదిలేయవచ్చు. పోల్చేటప్పుడు రెండు జతలూ ఒకే స్థాయిలో మోగాలి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నది ఎప్పుడూ ‘బాగుంది’ అనిపిస్తుంది. అమ్మకాల కిటుకుల్లో ఇది చాలా పాతది.

ఆంప్లిఫయర్ లోపలే అమర్చి బ్లూటూత్‌తో పనిచేసే యాక్టివ్ స్పీకర్లు ఇప్పుడు విరివిగా దొరుకుతున్నాయి. తీగల గోల తక్కువ, కొన్నింటిలో నాణ్యతా బాగుంటుంది. అయితే లోపలి సర్క్యూట్ చెడితే మొత్తం పెట్టెనే సర్వీసు సెంటర్‌కు మోసుకెళ్లాలి. బచేలి నుంచి అది చిన్న ప్రయాణం కాదు. విడి ఆంప్లిఫయర్, విడి స్పీకర్లు ఉంటే చెడినదాన్నే బాగుచేయించుకోవచ్చు. జాగ్రత్తగా వాడిన స్పీకర్ పాతికేళ్లు సులువుగా నిలుస్తుంది. కోలకతాకు చెందిన సోనోడైన్ 1970ల్లో చేసిన సెట్లను ఇప్పటికీ దాచుకుని వాడుకునేవారున్నారు.

ఎర్ర దుమ్ము సంగతి? ఇనుప రజను అయస్కాంతానికి అంటుకుని స్పీకర్ పాడవుతుందన్న భయం కొంత అతిశయోక్తే. అయస్కాంతానికి ఇట్టే అంటుకునేది మాగ్నటైట్. బైలాడిల్లాలో ప్రధానంగా దొరికే హెమటైట్‌కు ఆ గుణం చాలా తక్కువ. అయినా మెత్తటి పొడి కాయిల్ సందులోకి పోతే గరగర మొదలవుతుంది కాబట్టి ముందున్న గుడ్డ తొడుగు తీయకుండా ఉంచడం మంచిది. ట్వీటర్ గుండు మీద దుమ్ము కనబడితే మెత్తటి కుంచెతో దులపాలి గానీ వాక్యూమ్ క్లీనర్ పెట్టకూడదు. దుమ్ము కన్నా పెద్ద శత్రువు బస్తర్ వానాకాలం. కోను చుట్టూ ఫోమ్ అంచు ఉన్న స్పీకర్లు తేమకు పదేళ్లలోనే పొడిపొడిగా రాలిపోవచ్చు. రబ్బరు అంచు అంతకన్నా చాలాకాలం ఉంటుంది. చెక్కపొట్టుతో చేసిన పెట్టె తడి తగిలితే ఉబ్బుతుంది, కనుక చెమ్మ ఎక్కే గోడకు దూరంగా ఉంచాలి.

స్పీకర్ వచ్చిన అట్టపెట్టెనూ, లోపలి థర్మకోల్‌నూ పారేయకుండా అటక మీద దాచడం కూడా ఇక్కడ అవసరమే. ఉద్యోగ విరమణ రోజు వస్తే క్వార్టర్ ఖాళీ చేయాలి. విశాఖ ఫ్లాటులోనో విజయనగరంలో సొంతింట్లోనో గది కొలతలు వేరు, గోడలు వేరు. అప్పుడు అటక దిగిన అదే పెట్టెలో స్పీకర్లు ఖనిజం వెళ్లిన దారినే కొండ దిగుతాయి. కొత్త గదిలో మళ్లీ చప్పట్లు కొట్టి చూడాలి, కుర్చీ జరపాలి, గొంతు మధ్యకు వచ్చిందో లేదో ఘంటసాల పాట పెట్టి వినాలి.