ముఖపు తీరు, దవడల పొందిక: శస్త్రచికిత్సకు పూర్వము తెలిసికొనదగిన విషయములు

తమ ముఖపు తీరు సరిగా లేదని చింతించువారు సాధారణముగ ముక్కునే తప్పుపట్టుదురు. కాని పలువురి విషయమున దోషము ముక్కులో నుండదు. చుబుకము వెనుకకు పోయియున్నచో సామాన్యమైన ముక్కు సైతము పెద్దదిగ తోచును. పై దవడ వెనుకబడినచో బుగ్గలు పీక్కుపోయినట్లు కనిపించును. అద్దములో కనబడు లోపమొకటి, దానికి మూలమైన ఎముక మరియొకటి. కావున ఏ శస్త్రచికిత్స చేయించుకొనవలెనని యోచించుటకు ముందు, లోపమెక్కడ నున్నదో తేల్చుకొనవలెను.

ఈ సంగతి చాలవరకు పండ్లే చెప్పును. వెనుక పండ్లను కలిపి నోరు మూసినపుడు పై ముందుపండ్లు క్రింది ముందుపండ్లను కొద్దిగ కప్పుట సహజము. క్రింది పండ్లే ముందుకు వచ్చినను, ముందుపండ్ల నడుమ సందు మిగిలి జామకాయను కొరుకుట కష్టమైనను, చుబుకము ఒక ప్రక్కకు జరిగియున్నను, లోపము దవడ ఎముకలో ఉండవచ్చును. పండ్లు మాత్రమే వంకరగ నున్నచో తీగెలు కట్టించుకొనిన చాలును, కత్తితో పనిలేదు. పండ్ల కలయిక సరిగ నుండి చుబుకము మాత్రమే చిన్నదైనచో, ఆ ఎముక కొనను కోసి ముందుకు జరుపుటతో సరిపోవచ్చును.

చిన్నతనమున గడ్డముపై దెబ్బతగిలి, చెవి ముందరి దవడకీలు బిగిసిపోయిన పిల్లల సంగతి వేరు. వారు నోరు తెరువలేరు. దవడయు సరిగా పెరుగదు. వారికి చేయునది అందము కొరకైన చికిత్స కాదు, అన్నము తినుటకై చేయు చికిత్స. పెద్దవారగువరకు ఆగక వెంటనే వైద్యునికి చూపవలెను.

క్రింది దవడను నోటి లోపలినుండియే సరిచేయు పద్ధతిని ట్రౌనర్, ఒబ్వెగేసర్ అను వైద్యులు 1957లో ప్రకటించిరి. కట్టెను నిలువున చీల్చినట్లు, వెనుక పండ్ల దాపున ఎముకను లోపలి పలకగను వెలుపలి పలకగను విడదీసి, పండ్లున్న భాగమును కావలసినంత ముందుకో వెనుకకో జరుపుదురు. రెండు పలకలు విశాలముగ ఆనుకొనియుండుటచే ఎముక చక్కగ అతుకును. వానిని చిన్న టిటానియము పలకలతోను మరలతోను బిగింతురు. ముఖముపై పెద్ద మచ్చ మిగులదు.

అయితే క్రింది పెదవికి స్పర్శనిచ్చు నరము ఆ ఎముక లోపలనే పోవును. అందుచే శస్త్రచికిత్స యనంతరము పెదవియు చుబుకమును మొద్దుబారుట సాధారణము. చాలమందికి కొన్ని నెలలలో స్పర్శ తిరిగి వచ్చును. కొందరికి కొంత మొద్దుదనము శాశ్వతముగ నిలిచిపోవును. పెదవి కదలికకు సాధారణముగ లోటురాదు గాని, పెదవిపై మజ్జిగ చుక్క నిలిచినను తెలియకపోవచ్చును. తీరైన ముఖమునకు ఈ మూల్యము చెల్లించుటకు సిద్ధమా యన్నది రోగి తానే తేల్చుకొనవలసిన ప్రశ్న. బంధువులు తేల్చునది కాదు.

పెండ్లిచూపులు దగ్గరపడినవని, రెండు నెలలలో పని ముగింపుడని కోరు తల్లిదండ్రులు గలరు. అది సాధ్యము కాదు. బాలికలకు సుమారు 16, బాలురకు 18 ఏండ్లు దాటి, ఎముక పెరుగుదల ఆగినదని ఎక్స్‌రేలను పోల్చి వైద్యులు నిశ్చయింపవలెను. పెరుగుచున్న దవడను వెనుకకు నెట్టినచో అది మరల ముందుకు వచ్చును. తరచుగ శస్త్రచికిత్సకు ముందు ఏడాది మొదలు ఏడాదిన్నర వరకును, పిదప మరికొన్ని నెలలును తీగెలు ఉంచవలసియుండును. దవడ లోపమునకు తగినట్లు వంగి సర్దుకొనిన పండ్లను తీగెలు నిటారుగ నిలుపునపుడు, దాగియున్న లోపము పూర్తిగ బయటపడి ముఖము మునుపటికంటె వికారముగ కనబడవచ్చును. ముందుగ తెలియని వారు దీనికి బెదరి చికిత్సను నడుమనే మానుటయు కలదు.

శస్త్రచికిత్స పిదప కొన్ని వారములు జావ, పప్పుకట్టు, మెత్తని అన్నమే ఆహారము. ఎముక అతుకుటకు ఆరు మొదలు ఎనిమిది వారములు పట్టును. వాపు చాలవరకు మొదటి వారములలోనే తగ్గినను, పూర్తిగ పోవుటకు నెలలు పట్టును.

దవడల శస్త్రచికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందిన వైద్యుడును, తీగెలు కట్టు దంతవైద్యుడును మొదటినుండి కలిసి యోచింపవలెను. ప్రభుత్వ దంతవైద్య కళాశాలలలో ఈ ఇరువురిని ఒకేచోట సంప్రదించుటకు వీలుండును. కంప్యూటరుపై చూపు భావిముఖ చిత్రము అంచనాయే గాని హామీ కాదు. అంగీకారపత్రములోని విషయములను తనకు తెలిసిన భాషలో వివరింపుడని కోరుటకు రోగికి హక్కు కలదు. సంతకము చేయుటకు ముందు, పెదవి స్పర్శను గురించి అందులో వ్రాసియున్నదో లేదో చూచుకొనవలెను.