కడలి దేవతకు బుద్ధుడి సూత్రాలు

జపాన్‌లోని హిరోషిమా తీరాన ఉన్న మియాజిమా దీవికి పది నిమిషాల పడవ ప్రయాణంలో చేరే విహారయాత్రికుల చూపు మొదట సముద్రంలో నిలిచిన ఎర్రని తోరీ మీద, అంటే షింతో ఆలయం ముందుండే ద్వారతోరణం మీద, పడుతుంది. అయితే ఆ దీవి మనసు తెలియాలంటే, అక్కడి ఇత్సుకుషిమా ఆలయం ఎనిమిదిన్నర శతాబ్దాలుగా కాపాడుకుంటున్న 33 గ్రంథపుచుట్టల దగ్గరకు వెళ్లాలి.

‘హెయికె నోక్యో’, అంటే తైరా వంశం సమర్పించిన సూత్రాలు, అనే పేరున్న వీటిని ఆ వంశాధిపతి తైరా నో కియోమోరి 1164లో ఆలయానికి అర్పించాడు. సద్ధర్మపుండరీక సూత్రంలోని 28 అధ్యాయాలకు 28 చుట్టలు, దానికి ముందూ వెనుకా పఠించే సూత్రాలకు రెండు, అమితాభ సూత్రానికీ ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రానికీ ఒక్కొక్కటి పోగా, మిగిలిన ముప్పైమూడోది కియోమోరి స్వహస్తంతో రాసిన సంకల్పపత్రం. తన కుటుంబీకులూ అనుచరులూ కలిసి 32 మంది తలా ఒక చుట్టను సిద్ధం చేయించే బాధ్యత పంచుకున్నారని అందులో ఆయన పేర్కొన్నాడు. పూజకు ముందు గోత్రనామాలతో సంకల్పం చెప్పుకునే తెలుగువారికి ఈ పత్రం పరాయిదిగా తోచదు. బంగారు, వెండి రేకులు అద్దిన కాగితాల మీద ఒక వంశమంతా తన కోరికను నమోదు చేసుకుంది.

వీటిలో దేవదత్త అధ్యాయానికి ప్రత్యేకమైన స్థానం ఉంది. సాగరుడనే నాగరాజు కూతురు, ఎనిమిదేళ్ల బాలిక, కడలిగర్భం నుంచి వచ్చి బుద్ధుడికి మణిని సమర్పించి బుద్ధత్వం పొందిన కథ అందులో ఉంటుంది. ఆ చుట్ట ఆరంభచిత్రం కూడా ఆ మణిసమర్పణనే చూపుతుంది. ఇత్సుకుషిమా దేవత ఆ నాగరాజు కూతురేనన్న విశ్వాసం కూడా మధ్యయుగ జపాన్‌లో ఉండేది కనుక, ఈ చుట్టలో ఆ దేవతకు అందిన కానుక ఆమె సొంత కథే.

593లో వెలసిందని సంప్రదాయం చెప్పే ఆలయానికి 1168లో కియోమోరి నేటి రూపం ఇచ్చాడు; 1185లో దన్నోఉరా సముద్రయుద్ధంలో ఆయన వంశం నశించింది; 1407లో అయిదంతస్తుల పగోడా లేచింది; 1868లో ప్రభుత్వం షింతోనూ బౌద్ధాన్నీ వేరుచేసింది; 1996లో యునెస్కో గుర్తింపు లభించింది.

వీటిలో దీవిని లోతుగా కదిలించినది 1868 నాటి విభజనే. ఆలయంలో పూజలందుకుంటున్న బెన్‌జైతెన్, అంటే జపాన్ చేరిన మన సరస్వతి, పక్కనే ఉన్న దైగాన్‌జీ బౌద్ధమందిరానికి తరలింది. బుద్ధుడి సూత్రాలు మాత్రం షింతో ఆలయంలోనే నిలిచాయి. ఆ రెండింటి మధ్య దూరం కొన్ని అడుగులే కాబట్టి, ఒకదాన్ని చూసి వెనుదిరిగే యాత్రికుడు సగం దీవినే చూసినట్టు.

తోరణం నిలిచే తీరు
1875లో కట్టిన నేటి తోరీ ఎత్తు సుమారు 16.6 మీటర్లు, బరువు సుమారు 60 టన్నులు. కర్పూరవృక్షపు ప్రధాన స్తంభాలను లోతుగా పాతకుండా, పునాది గుంజల మీద నిలిపారు; రాళ్లు నింపిన పైదూలం బరువే దాన్ని అలలకు కదలనివ్వదు.

వీణ నుంచి హస్తం
18వ శతాబ్ది చివర సెయిషిన్ అనే భిక్షువు, బెన్‌జైతెన్ చేతిలోని బివా, అంటే వీణను పోలిన వాద్యం, ఆకృతిని చూసి అన్నం వడ్డించే చెక్క హస్తాన్ని రూపొందించి దీవివాసులకు నేర్పాడని చెబుతారు. నేటికీ మియాజిమా జ్ఞాపికలలో అదే ప్రసిద్ధం.