ఇంటి పరీక్ష కూడా అమానతే

రోగం దాచుకోవలసిన దోషం కాదు. అల్లాహ్ మందు లేకుండా ఏ వ్యాధినీ దించలేదని, కనుక చికిత్స చేయించుకోవాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) తన అనుచరులకు బోధించారు. చికిత్స జరగాలంటే ముందు రోగమేదో తెలియాలి. అది తెలుసుకునే పని ఎప్పుడూ వైద్యుని చేతిలో ఉండేది. కరోనా కాలంలో మాత్రం ఆ పని అరచేతిలో పట్టే చిన్న కిట్టు రూపంలో మన ఇంటికే వచ్చింది. దానితోపాటు ఒక బాధ్యత కూడా వచ్చింది.

రామగుండం స్టేషన్ నుంచి...

కరోనా గురించిన భయం మన ప్రాంతానికి రైలుబండిలోనే వచ్చింది. ఇండోనేషియా నుంచి వచ్చిన మత ప్రచారకుల బృందం ఒకటి 2020 మార్చి 13న ఢిల్లీలో సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మరునాడు రామగుండంలో దిగి కరీంనగర్ వెళ్ళింది. కొద్ది రోజులకే వారిలో పలువురికి కరోనా సోకినట్టు తేలింది. ఆ రైలు సంగతిని రైల్వే శాఖ స్వయంగా ప్రకటించింది. కరీంనగర్‌లో వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగి జనాన్ని పరీక్షించాయి.

అంతవరకు జరిగింది వైద్యం. ఆ నెలాఖరులో ఢిల్లీ మర్కజ్ వార్తలు వచ్చాక మాత్రం రోగం పేరుతోపాటు ఒక సముదాయం పేరు కూడా నలుగురి నోళ్ళలో నానింది. విదేశీ తబ్లీగ్ సభ్యులపై పెట్టిన కేసులను 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి కొట్టివేసింది. వారిని బలిపశువులుగా ఎంచుకున్నట్టు కనిపిస్తున్నదని కూడా అభిప్రాయపడింది. కోర్టు మాట కాగితం మీద నిలిచింది గాని, నింద మిగిల్చిన జంకు మనసుల్లోంచి అంత త్వరగా పోలేదు. జ్వరమొస్తే బయటికి చెప్పడానికి భయం, పరీక్షకు వెళితే పేరు బయటపడుతుందని భయం. ఇలా దాచినందువల్ల నష్టపోయేది నిందించినవారు కాదు. మన ఇంట్లో మూల మంచం మీద ఉన్న దాదీమా, బొగ్గు దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు అరిగిపోయిన రిటైర్డు కార్మికుడు.

పరీక్ష చేసుకునేది ఇలా

రెండవ విడత కరోనా ఉధృతంగా ఉన్న 2021 మే నెలలో భారత వైద్య పరిశోధన మండలి ఇంటి పరీక్షకు అనుమతి ఇచ్చింది. పుణెకు చెందిన మైల్యాబ్ సంస్థ తయారు చేసిన ‘కోవిసెల్ఫ్’ మన దేశంలో అనుమతి పొందిన మొదటి ఇంటి కిట్టు. అప్పటి ధర 250 రూపాయలు. జలుబు, దగ్గు, జ్వరం వంటి లక్షణాలు ఉన్నవారు, రోగితో దగ్గరగా మసలినవారు మాత్రమే దీన్ని వాడాలని, ఊరికే అందరూ చేసుకోవద్దని మండలి చెప్పింది.

విధానం కష్టమైనది కాదు. చేతులు కడుక్కుని, కిట్టులోని పుల్లను రెండు నాసికా రంధ్రాల్లోనూ 2 నుంచి 4 సెంటీమీటర్ల లోతున ఉంచి ఐదేసి సార్లు తిప్పాలి. ఆ పుల్లను గొట్టంలోని ద్రవంలో ముంచి కలిపి, రెండు చుక్కలు కిట్టు మీద వేసి 15 నిమిషాలు ఆగాలి. ‘సీ’ అన్నచోట మాత్రమే గీత వస్తే నెగెటివ్. ‘సీ’, ‘టీ’ రెండు చోట్లా వస్తే పాజిటివ్. ‘సీ’ గీత రాకపోతే ఆ పరీక్ష పనికిరాదు. 20 నిమిషాలు దాటాక కనిపించిన ఫలితం కూడా చెల్లదు. ఇది కోవిసెల్ఫ్ పద్ధతి. వేరే కంపెనీ కిట్టయితే అందులోని కాగితం చదివి ఆ ప్రకారమే చేయాలి. గడువు తేదీ తప్పక చూడాలి. చాలా కిట్లను 30 డిగ్రీలు మించని చోట ఉంచమంటారు. మన రామగుండం ఎండల్లో రేకుల ఇంటి అటకమీద దాచిన కిట్టును నమ్మలేము.

గని దీపం చెప్పే సంగతి

ఈ కిట్టు వైరస్‌లోని ఒక ప్రోటీనును పసిగడుతుంది. శరీరంలో వైరస్ ఎక్కువగా ఉన్నప్పుడు బాగా పట్టుకుంటుంది, తక్కువగా ఉన్న తొలిరోజున తప్పిపోవచ్చు. అందుకే పాజిటివ్ వస్తే మళ్ళీ పరీక్ష అక్కరలేదు, అది నిజమనే అనుకోవాలని మండలి చెప్పింది. లక్షణాలు ఉండి నెగెటివ్ వస్తే మాత్రం ఆర్‌టీపీసీఆర్ చేయించుకోమన్నది. లక్షణాలున్నవారికి నెగెటివ్ వస్తే 48 గంటల తర్వాత మరోసారి చేసుకోవాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022లో సూచించింది.

బొగ్గు గనులు ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. మీథేన్ మీటర్లు రాకముందు గనిలో గ్యాసును పసిగట్టింది సేఫ్టీ ల్యాంపే. గాలిలో మీథేన్ ఉంటే తగ్గించిన మంట మీద లేత నీలిరంగు టోపీ కనిపించేది. దాన్ని చూసిన సర్దార్ దీపాన్ని తిట్టుకోడు, కార్మికుల్ని ముందుకు పోనివ్వడు. నీలిరంగు కనిపించలేదని మర్నాటి తనిఖీ మానుకోడు కూడా. ఒకపూట నెగెటివ్ వచ్చిందని దగ్గుతూ దావత్‌కు వెళ్ళేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎవరూ చూడని చోట

ఆసుపత్రి పరీక్షకు రిజిస్టరు ఉంటుంది, సాక్షులు ఉంటారు. ఇంట్లో తలుపు వేసుకుని చేసుకున్న పరీక్షకు ఎవరు సాక్షి? ఆ రెండో గీత సంగతి చేసుకున్నవారికీ, అల్లాహ్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. కిట్టును చెత్తబుట్టలో పడేసి షిఫ్టుకు వెళ్ళిపోవచ్చు. మస్టరు పోతుందని అనుకోవచ్చు. బంధువుల నికాహ్ తప్పిపోతుందని సర్దిచెప్పుకోవచ్చు. సరిగ్గా అక్కడే విశ్వాసికి అసలు పరీక్ష మొదలవుతుంది. ఇతరుల ప్రాణానికి సంబంధించిన సమాచారం మన చేతికి వచ్చినప్పుడు అది అమానత్. దాన్ని దాచి నలుగురిలో తిరగడం ఖియానత్.

జబ్బుపడిన ఒంటెలను ఆరోగ్యంగా ఉన్న ఒంటెల్లోకి తోలవద్దన్నారు ప్రవక్త (స). ప్లేగు ఉన్న ఊరికి వెళ్ళవద్దని, ఉన్న ఊళ్ళో వస్తే అక్కడి నుంచి పారిపోవద్దని కూడా ఆదేశించారు. హజ్రత్ ఉమర్ (ర) సిరియా ప్రయాణంలో సర్గ్ అనే చోట ఉండగా ముందున్న ప్రాంతంలో ప్లేగు వచ్చిందని తెలిసింది. ఆయన వెనుదిరగడానికి నిశ్చయించుకున్నారు. దైవ విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (ర) అడిగితే, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళుతున్నామన్న భావంతో జవాబిచ్చారు. జాగ్రత్త తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

మరి జుమా సంగతి? రోగికి జుమా నుంచి మినహాయింపు ఉన్నది. ఇంట్లో జుహర్ నమాజు చేసుకోవచ్చు. వెల్లుల్లి, ఉల్లి వాసనతో మసీదుకు వచ్చి తోటివారిని ఇబ్బంది పెట్టవద్దన్న ధర్మం, వ్యాధిని మోసుకువచ్చి వారి పక్కన భుజం కలిపి నిలబడమంటుందా? పాజిటివ్ వచ్చినవారు విడిగా గదిలో ఉండాలి, మాస్కు పెట్టుకోవాలి, ఇంటివారికి, తోటి కార్మికులకు తెలియజేయాలి. 2022 జనవరి నాటి కేంద్ర నియమాల ప్రకారం స్వల్ప లక్షణాలున్నవారు కనీసం 7 రోజులు, అందులో చివరి 3 రోజులు జ్వరం లేకుండా, ఇంట్లో విడిగా ఉండాలి. ఆయాసం వచ్చినా, ఆక్సిజన్ 93కు తగ్గినా ఆసుపత్రికి వెళ్ళడంలో ఆలస్యం పనికిరాదు.

పొరుగువారి పరువు

ఈ అమానత్‌కు రెండో వైపు కూడా ఉన్నది. తన రోగాన్ని ఒకరు నమ్మి మనకు చెబితే దాన్ని వీధిలో చాటడం గీబత్. గీబత్‌ను దివ్య ఖుర్ఆన్ చచ్చిన సోదరుని మాంసం తినడంతో పోల్చింది. చెప్పినవారిని చులకన చేసే వీధిలో ఇక ఎవరూ నిజం చెప్పరు. 2020లో నింద ఎంత బాధ పెడుతుందో చవిచూసినవాళ్ళం, అదే నిందను మన పొరుగింటి మీద ఎలా వేయగలం? అతను ఏ మతంవాడైనా సరే, గుమ్మం దగ్గర గిన్నెడు గంజి, మందుల చీటీ అందించడమే మన పని.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర స్థితిని ఎత్తివేసింది. అయినా వైరస్ పోలేదు. 2025 మే, జూన్ నెలల్లో దేశంలో కేసులు మళ్ళీ పెరిగాయి. చాలామందికి అది ఇప్పుడు జలుబుతో పోతున్నది. వృద్ధులకు, షుగరు, కిడ్నీ, ఊపిరితిత్తుల రోగులకు మాత్రం నేటికీ ప్రమాదమే. మొదటి సఫ్‌లో కుర్చీ వేసుకుని నమాజు చేసే పెద్దల్లో చాలామంది వారే. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినట్టేనన్నది ఖుర్ఆన్ బోధ. ఆ పుణ్యం కోసం ఒక్కోసారి పెద్ద త్యాగాలేమీ అక్కరలేదు. ఒక వారం ఇంట్లో ఉండిపోతే చాలు.

ఎవరూ చూడనప్పుడు కూడా అమానత్‌ను కాపాడుకునే ఈమాన్‌ను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.