నాటకాల మాస్టారు కావాలంటే

కాలేజీలో తెలుగు చెప్పేవాడి నుదుట రాసిపెట్టి వున్న అదనపు ఉద్యోగం వొకటున్నది. అది వార్షికోత్సవానికి నాటకం వేయించడం. జీతంలో కాణీ పెరగదు గాని, తెర దగ్గర్నుంచి పెట్టుడు మీసాల దాకా పూచీ మనదే. ఇరవై యేళ్లుగా యీ బరువు మోస్తున్నాను. ఎమ్మేలో చదివాను గనక పంచసంధులూ అప్పజెప్పగలను. పదహారేళ్ల కుర్రవాడు రంగస్థలం మీద బిక్కచచ్చిపోతే యేం చేయాలో మాత్రం ఆ పుస్తకాల్లో లేదు.

మొన్న వేసవి సెలవుల్లో నా పాత విద్యార్థిని వొకమ్మాయి తండ్రిగారిని వెంటబెట్టుకుని మా యింటికి వచ్చింది. బీయ్యే అయింది. బడిపిల్లలకు నాటకం నేర్పే టీచరు కావాలని పట్టుబట్టి కూర్చున్నదట. ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "మాస్టారూ, లెక్కల మాస్టారంటే తెలుసు, డ్రిల్లు మాస్టారంటే తెలుసు. ఈ నాటకాల మాస్టారేమిటండీ? దానికి మళ్లీ యూనివర్సిటీ చదువొకటా?" అన్నారు.

మన ఆధునిక తెలుగు నాటకానికి మొదటి ప్రదర్శన వేయించినవాడు పంతులే గదా అన్నాను. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 'వ్యవహార ధర్మబోధిని' ఆడించింది తన విద్యార్థుల చేతనే. ఆయన తల వూపారు గాని కరగలేదు. "పంతులుగారికి జీతం వేరే వచ్చేది కదండీ!" అన్నారు. నిజమే మరి.

అప్పుడు డొరొతీ హీత్‌కోట్ కథ చెప్పాను. ఇంగ్లండులో యార్క్‌షైరు పిల్ల, 1926లో పుట్టింది. పద్నాలుగో యేట చదువు మానేసి ఉన్ని మిల్లులో మగ్గాల దగ్గర చేరింది. నాటకం నేర్చుకోవాలన్న కోరిక విని మిల్లు యజమాని ఫీజు తానే కట్టి పంపాడు. కుదరకపోతే తిరిగి రావచ్చు, నీ మూడు మగ్గాలూ నీకోసం వుంటాయన్నాడట. తిరిగి వెళ్లవలసిన అవసరం రాలేదు. ఇరవై నాలుగేళ్లకే న్యూకాసిల్‌లో ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చే పదవి దొరికింది. 1986 దాకా అక్కడే చెప్పింది.

ఆవిడ పద్ధతి చిత్రమైనది. పిల్లల చేతికి రాసిన నాటకం యివ్వదు. యే కథ కావాలో వాళ్లనే అడుగుతుంది. తర్వాత తానూ వొక పాత్రగా అందులోకి దిగుతుంది. అదీ రాణిగానో సేనానిగానో కాదు. దారి తెలియక సాయమడగవచ్చిన మనిషిగా. ఇక పిల్లలే పెద్దలై ఆలోచించాలి. సంభాషణలు వల్లె వేయడం వుండదు గనక మరిచిపోవడమూ వుండదు.

ఈ మాట చెబుతుంటే నా గొంతు కాస్త తడబడింది. చాలా యేళ్ల కిందట మా కాలేజీ నాటకంలో వొక కుర్రవాడు రెండో రంగంలో మాట మరిచి నిలబడిపోయాడు. తెర వెనక్కి రాగానే నలుగురిలో చెడామడా తిట్టాను. మళ్లీ వాడు రంగస్థలం యెక్కలేదు. నా క్లాసులోనూ చెయ్యెత్తి ప్రశ్న అడగలేదు. నాకు శిక్షణ వుంటే ఆ పూట యేం చేసేవాణ్ణో!

ఇంగ్లండులో డిగ్రీ తర్వాత వొక యేడాది ఉపాధ్యాయ శిక్షణ వున్నది. డ్రామాను ప్రత్యేక విషయంగా తీసుకోవచ్చు. అందులో చాలా భాగం బడుల్లోనే గడపాలి, అదీ కనీసం రెండు బడుల్లో. మన దేశంలో బీయెడ్ 2015 నుంచి రెండేళ్లయింది. నాటకమూ కళలూ కలిపి చిన్న పేపరొకటి చేర్చారు. ఆవకాయలో మెంతిపిండంత. గట్టిగా నేర్చుకోవాలంటే హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల శాఖ వున్నది. జాతీయ నాటక పాఠశాల 1989లోనే బడిపిల్లల కోసం ప్రత్యేక బృందం పెట్టింది. విద్యలో నాటకం మీద అగర్తలలో వారి యేడాది కోర్సున్నది. ఉద్యోగాల సంగతి దాచలేదు. మన వూళ్ల బడుల్లో యింకా డ్రిల్లు మాస్టారికున్నపాటి కుర్చీ నాటకాల మాస్టారికి లేదు. బీయెడ్ కూడా చేతిలో వుంటే మేలన్నాను.

అమ్మాయి అంతదాకా నోరు విప్పలేదు. హఠాత్తుగా లేచి చేతులు కట్టుకుని, "అయ్యా తహసీల్దారుగారూ, మా వూళ్లో మంచినీళ్ల బావి యెండిపోయిందండి. నేనూ యీ పెద్దాయనా అర్జీ పట్టుకొచ్చాం" అన్నది తండ్రితో. నేను బిత్తరపోయాను. ఆయన రెవెన్యూ ఆఫీసులో పని చేసి రిటైరయిన మనిషి. కళ్లజోడు సవరించుకుని, "అర్జీ మీద సంతకాలేవీ? వూళ్లో యెన్ని గడపలు?" అన్నారు. అమ్మాయి లెక్క చెప్పింది. పక్క వూరివాళ్లు నీళ్లివ్వడం లేదని నేనూ వొక అబద్ధమాడాను. ఆయన గద్దించారు, నేను బతిమాలాను. ఇరవై నిమిషాలు గడిచాయి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తున్నది.

చివరికి ఆయన బావి తవ్వకానికి ఉత్తరువు యిచ్చి, చల్లారిన కాఫీ అందుకున్నారు.

"దరఖాస్తు యెప్పటిలోగా పంపాలో కనుక్కున్నావుటే?" అన్నారు కూతురితో.